టీచరమ్మకు చూపొచ్చిన కథ

తాతయ్యకు ఆఫీసులో ‘మూడో పేరా’ అని పేరు. ఎదురుగా మాస్టారూ అని పిలిచేవాళ్ళే, ఆయన అటు తిరగగానే మూడో పేరా వచ్చాడా, మూడో పేరా టీ తాగాడా అనుకునేవాళ్ళు. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. ముప్ఫై నాలుగేళ్ళు ఒక పత్రికలో పనిచేసి, రాసిన ఒక్క ముక్క కిందైనా తన పేరు చూసుకోని మనిషికి ఆమాత్రం పేరు దక్కడమే గొప్ప.

ఆయన రాసేవి అడ్వర్టోరియల్స్. అంటే వార్త చొక్కా తొడుక్కుని వచ్చే ప్రకటనలు. ఒక పరుపుల కంపెనీ ‘మా పరుపులే కొనండి’ అని పేజీ నిండా వేయించుకుంటే జనం పేజీ తిప్పేస్తారు. అదే కంపెనీ కోసం తాతయ్య నడుంనొప్పితో పదేళ్ళుగా నిద్రలేని ఒక బస్సు డ్రైవరు కథ రాస్తే, చివరిదాకా చదివి, అయ్యో పాపం అనుకుని, ఆ పరుపు ఎక్కడ దొరుకుతుందని పక్కవాణ్ణి అడుగుతారు. పేజీ పైన మూలకు చీమ తలకాయంత అక్షరాల్లో ‘వాణిజ్య ప్రకటన’ అని ఉంటుంది. అది ఉంది కాబట్టి మనం మోసం చేసినట్టు కాదని తాతయ్య వాదన. అది ఎవరికీ కనపడదు కాబట్టి మన పని జరుగుతోందని మేనేజరు వాదన. ఈ రెండు వాదనలూ ఏళ్ళ తరబడి ఒకే గదిలో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండానే కాలం గడిపాయి.

ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. మొదటి పేరాలో ఒక మనిషి రావాలి. ఆ మనిషికి వయసుండాలి, పనుండాలి, ఒక బాధ ఉండాలి. రెండో పేరాలో బాధ ముదరాలి. డబ్బిచ్చిన కంపెనీ పేరు మూడో పేరా దాకా గుమ్మం బయటే నిలబడాలి. అంతకుముందే తొంగి చూసిందా, చదివేవాడు జడుసుకుని పారిపోతాడు. అద్భుతం, అమోఘం, నంబర్ వన్ లాంటి మాటలు కనబడితే ఎర్ర పెన్సిలుతో నరికేసేవాడు. ఈ జబ్బు ఆఫీసుతో ఆగలేదు. పెళ్ళికి ముందు తనకు రాసిన ఉత్తరంలో మొదట వానల గురించీ, తర్వాత అద్దెగదిలో ఉండే ఒక గుమాస్తా ఒంటరితనం గురించీ రాసి, మూడో పేరాలో గానీ అసలు సంగతికి రాలేదని అమ్మమ్మ అందరికీ చెప్పి నవ్వేది.

అన్నిటికంటే పెద్ద కిటుకు వేరే ఉంది. ప్రతి వ్యాసంలోనూ ఆయన ఒక చిన్న లోపం పెట్టేవాడు. పరుపు మొదటి రెండు రోజులూ చెక్కలా ఉందని డ్రైవరు చేత అనిపించాడు. కాలేజీ బాగానే ఉంది గానీ బస్సు దిగి పది నిమిషాలు నడవాలని ఒక తండ్రి చేత విసుక్కోనిచ్చాడు. మా డబ్బు తిని మా మీదే చాడీలా అని కంపెనీల వాళ్ళు లబలబలాడేవాళ్ళు. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఒక తప్పు పట్టాడంటే వాడు మీ మనిషి కాదనుకుంటారండీ. ఆ తర్వాత వాడేం చెప్పినా నమ్ముతారు” అనేవాడు. నమ్మేవాళ్ళు. తాతయ్య గొప్పతనం అక్కడుంది. ఇంట్లో బల్బు మార్చడం చేతకాని మనిషి, ఊరందరి చేతా బల్బులు కొనిపించగలడు.

రిటైరయ్యాక కూడా మేనేజరు ఆయన్ని వదల్లేదు. ఇంటి దగ్గరే రాసి పంపమన్నాడు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఆ పెన్సిలు కోసమే ఇల్లంతా వెతుక్కుంటూ తాతయ్య రాసేవాడు. రాసింది గట్టిదో కాదో తేల్చేది మాత్రం మేనేజరు కాదు, అమ్మమ్మ. ఆ సంగతి అమ్మమ్మకు తెలియదు.

పెళ్ళయిన కొత్తలోనే ఆయనకు ఈ అలవాటు పడింది. పొద్దున కాఫీ అయ్యాక పేపరు పైకి చదివేవాడు. పేపరు మడతలో తను రాసిన కాగితం దాచుకుని, నడుమ ఎక్కడో, అదే గొంతుతో, అదీ ఒక వార్తే అన్నట్టు చదివేసేవాడు. “ఇదెవరో సరుకమ్ముకునే బేరంలా ఉందే” అని అమ్మమ్మ అంటే ఆ కాగితం చించేసేవాడు. చేస్తున్న పని ఆపి “ఎక్కడండీ అది?” అని అడిగిందంటే వ్యాసం పాసయినట్టే. ముందే చెబితే ఇక పరీక్ష ఏముంది? అందుకని ఎప్పుడూ చెప్పలేదు. అమ్మమ్మ బజారుకెళ్ళి విన్నవన్నీ కొనే మనిషి కాదు కనుక నష్టమేమీ లేదనుకున్నాడు.

ఐదేళ్ళ కిందట అమ్మమ్మ కళ్ళలో నీటికాసులు పడ్డాయి. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం కనిపిస్తుంది, కాలి పక్కన ఉన్న స్టూలు కనిపించదు. పోయిన చూపు రాదమ్మా, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలు, పూటకొకసారి మానకుండా వేసుకో అని కంటి డాక్టరు చెప్పింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయని అమ్మమ్మ పేపరు పట్టుకోవడం మానేసింది. అప్పటినుంచీ ఆమెకు పేపరంటే తాతయ్య గొంతే. ఆ గొంతులో పేజీ మూల ఉండే ఆ రెండు మాటలు లేవు. అవి అచ్చువేసేవాళ్ళు పెట్టేవి, రాసేవాడు రాసేవి కావు. వాటిని కూడా చదివి వినిపించాలని తాతయ్యకు ఎన్నడూ తోచలేదు.

వానలు మొదలైన వారంలో మేనేజరు ఫోను చేశాడు. ఊరి చివర కొత్తగా కళ్ళ క్లినిక్ ఒకటి తెరిచారట. ఆరు వ్యాసాలు కావాలట. ఒక కరపత్రమూ తెల్లకోటు వేసుకున్నాయన ఫొటో ఒకటీ పంపాడు. బాగైన పేషెంటు ఎవరైనా ఉన్నారా, మాట్లాడి రాస్తానని తాతయ్య అడిగాడు.

“ఎందుకు మాస్టారూ, మీరున్నారుగా” అన్నాడు మేనేజరు.

తాతయ్య కూర్చుని ఒక రిటైరైన టీచరమ్మను తయారుచేశాడు. అరవై రెండేళ్ళు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దీ దిద్దీ ఎర్ర సిరా అంటిన వేళ్ళు. కాలి పక్కన స్టూలు కనపడక మోకాలు కొట్టుకుంటుంది. గ్లాసులో పోస్తున్నాననుకుని గ్లాసు పక్కన నీళ్ళు పోస్తుంది. ఆ బాధలు వెతుక్కోవడానికి ఆయన ఎక్కడికీ వెళ్ళనక్కర్లేకపోయింది. వంటగది వైపు తల తిప్పితే చాలు. మూడో పేరాలో క్లినిక్ వచ్చింది. వాళ్ళ చుక్కలు పనిచేయాలంటే పాత చుక్కలు ఆపాలని కరపత్రంలో ఉంటే అదీ రాశాడు. నాలుగో పేరాలో ఆయన కిటుకు పెట్టాడు. మొదటి నాలుగు వారాలూ కళ్ళు మండాయి, మసక ఇంకా పెరిగింది, ఇదంతా దండగని టీచరమ్మ మందు పారేయబోయింది. ఐదో వారంలో ఒక పొద్దున పాత నోటుపుస్తకం అంచున తన ఎర్ర సిరా గీత తనకే కనిపించింది.

ఇంట్లో అదే జబ్బున్న మనిషిని పెట్టుకుని అలా ఎలా రాశాడంటే, కాగితం ముందు కూర్చున్నాక ఆయనకు అది మందు కాదు, మూడో పేరా. అంతే.

మర్నాడు పేపరు మడతలో పెట్టి చదివాడు. అమ్మమ్మ ఉతికిన బట్టలు మడత పెడుతోంది. స్టూలు మాట దగ్గర చేతులు ఆగిపోయాయి. చివరిదాకా కదల్లేదు.

“ఎక్కడండీ అది?” అంది.

ఊరి చివరెక్కడో అని చెప్పి తాతయ్య పేజీ తిప్పాడు. వ్యాసం పాసయింది. ఆ పూట రెండో కప్పు కాఫీ అడిగి మరీ తాగాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇల్లు తేలికపడింది. అమ్మమ్మ పనిచేసుకుంటూ కూనిరాగాలు తీసింది. పొద్దున్నే టీచరమ్మ సంగతులు అడిగేది. ఏ క్లాసుకు చెప్పేదట, ఒక్కతే ఉంటోందా, ఆఫీసులో అడిగితే ఆవిడ ఫోను నంబరు ఇస్తారా. కనుక్కుంటాలే అని తాతయ్య దాటేసేవాడు. ఊరికే దాటేస్తే పోయేది, చేయి దురద ఆగక రోజుకొక వివరం కలిపేవాడు. లెక్కలు చెప్పేదట. తప్పు చేస్తే కొట్టేది కాదట, ఆ తప్పునే వందసార్లు రాయించేదట. అలా కలుపుతూ పోగా టీచరమ్మ ఆ ఇంట్లో మూడో మనిషైంది. కుర్చీ ఒక్కటే తక్కువ.

ఆ వారాల్లోనే అమ్మమ్మ తలుపు రెక్కకు రెండుసార్లు నుదురు కొట్టుకుంది. వానాకాలం, ఇల్లు చీకటిగా ఉంటోంది అనుకున్నాడు తాతయ్య.

ఒక మధ్యాహ్నం ఆయన ఫ్రిజ్ లో మంచినీళ్ళ సీసా కోసం చేయి పెడితే తలుపు అరలో కంటిచుక్కల సీసాలు రెండు కనపడ్డాయి. రెండిటికీ సీలు తీయలేదు. అవి తనే తెచ్చి పెట్టినవి. ఇవేమిటి ఇలాగే ఉన్నాయని అడిగాడు. అమ్మమ్మ కాసేపు బుకాయించి, ఇక దాగదని తెలిసి, స్నానాలగది అరలోంచి ఒక గోధుమరంగు సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దాని మీద క్లినిక్ పేరుంది. పక్కింటి టైలరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి తెచ్చుకుందట. చూపు వచ్చాక ఒక పొద్దున ఆయన చేతిలోంచి పేపరు లాక్కుని గడగడా చదివేసి ఆశ్చర్యపరచాలని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట.

మంట లేదా అని తాతయ్య అడిగాడు.

“మండుతోందండీ. మసక కూడా పెరిగింది. మంచిదేగా, టీచరమ్మకీ మొదట అంతే.”

ఆ మందు ఇక వేసుకోవద్దన్నాడు. ఆమె నవ్వింది. టీచరమ్మ కూడా ఇక్కడే ఆపేయబోయింది, ఆపి ఉంటే ఆవిడ గతేమిటి అంది. మండుతున్న కంటికి మందు మానేయమని ఎవరైనా చెబుతారు. మానకూడదని చెప్పింది టీచరమ్మ ఒక్కతే. తాతయ్య ఏ వైపు నుంచి వచ్చినా అక్కడ తను పెట్టిన కిటుకే కాపలా కాస్తోంది. ఇక మిగిలింది ఒకటే మాట. ఆ మాట ఆయన నోటికి రాలేదు. అమ్మమ్మ సీసా తీసుకుని లోపలికి వెళ్ళి ఆ పూట చుక్కలు వేసుకుంది. తాతయ్య ముందు గదిలో నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. ఇది దాచాల్సిన సంగతి కాదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాడు. ఆ చుక్కల్లో ఏముందో కనుక్కుని చెప్పమని మేనేజర్ని అడిగాడు. అది మనకెందుకన్నాడు మేనేజరు. పోనీ ఆ వ్యాసంలోని పేషెంటు కల్పితమని రేపటి పేపర్లో ఒక ముక్క వేయమన్నాడు. ప్రకటనకు సవరణ వేయడం ఎక్కడైనా ఉందా అని మేనేజరు నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు, కుర్చీ జరిపాడు.

“అందులో మీ పేరుందా మాస్టారూ? లేదు. మరి మీకెందుకీ బెంగ? రెండోది ఎప్పుడిస్తారో చెప్పండి. అచ్చం అలాంటి ఆవిడే కావాలంటున్నారు. క్లినిక్ కి వచ్చేవాళ్ళంతా టీచరమ్మ ఎక్కడుంటుందని అడుగుతున్నారట.”

తాతయ్యకు అప్పటిదాకా అమ్మమ్మ ఒక్కతే కళ్ళ ముందుంది. ఇప్పుడు ఆమె పక్కన ఒక బెంచీ, దాని పక్కన మరో బెంచీ, వాటి మీద మండే కళ్ళతో కూర్చుని ఐదో వారం కోసం ఎదురుచూసేవాళ్ళు కనిపించారు. వాళ్ళ పేర్లు ఆయనకు తెలియవు, ఆయన పేరు వాళ్ళకు తెలియదు. ఇక రాయనని చెప్పి లేచాడు. మీరు కాకపోతే ఇంకొకరు రాస్తారు మాస్టారూ, కాకపోతే మీ అంత బాగా రాయలేరు అన్నాడు మేనేజరు. ఎన్నో ఏళ్ళుగా తాతయ్య వినాలనుకున్న మెప్పు అది. ఇచ్చిన టీ తాగకుండా వచ్చేశాడు.

ఇంటికొచ్చి అమ్మమ్మ ఎదురుగా కూర్చున్నాడు. బస్సులో రద్దీ గురించి చెప్పాడు. ఆఫీసులో గోడలకు కొత్త రంగు వేశారని చెప్పాడు.

“మూడో పేరా ఎప్పుడొస్తుంది?” అంది అమ్మమ్మ.

“టీచరమ్మ లేదు.”

“అయ్యో, ఎప్పుడు పోయింది?”

“పోలేదు. అసలు లేదు. నేను రాశాను.”

అమ్మమ్మ ముఖం ఆయన వైపే ఉంది. ఆమెకు ఎంత కనపడుతోందో ఆయనకు తెలియలేదు.

“మరి ఆ స్టూలు?”

“నీదే.”

“గ్లాసు పక్కన నీళ్ళు?”

“అవీ నీవే.”

“చూపు రావడం?”

“అదొక్కటే నాది” అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ, ఎన్నాళ్ళుగా తనకిలా చదువుతున్నాడని అడిగింది. పెళ్ళయినప్పటి నుంచీ అని చెప్పక తప్పలేదు. అయితే ఆ బస్సు డ్రైవరు కూడా లేడా అంది. లేడన్నాడు. అతని నడుం గురించి రెండ్రోజులు దిగులుపడ్డానే అంది. కోప్పడితే బాగుండునని తాతయ్య చూశాడు. ఆమె కోప్పడలేదు. ఒకటే అంది, అదీ తల అటు తిప్పుకుని.

“ఆవిడ చేత ఎంత చక్కగా మాట్లాడించారండీ. నేను స్టూలుకు కొట్టుకుంటే మాత్రం, చూసుకుని నడవలేవా అనేవారు.”

ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళారు. లోపల చీకటి గదిలో ఒక యంత్రం ముందు అమ్మమ్మను కూర్చోబెట్టి చేతిలో మీట పెట్టారు. తెర మీద వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. తాతయ్య తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఆ టిక్కు టిక్కు వింటున్నాడు. పోయినేడు కూడా ఇదే బెంచీ మీద విన్నాడు. అప్పుడు వానచినుకుల్లా పడ్డాయి. ఇప్పుడు ఒకటి పడ్డాక చాలాసేపు ఏమీ లేదు. అయిపోయిందేమో అనుకుని లేవబోతే ఇంకొకటి పడింది.

డాక్టరు చిన్నపిల్ల. మెల్లగానే చెప్పింది. కుడి కంట్లో వెలుగూ నీడా తేడా తప్ప ఏమీ మిగల్లేదు. ఎడమ కంట్లో తాళం చెవి పట్టేంత సందు మిగిలింది. మానేసిన ఆ వారాలే కొంప ముంచాయి. ఎవరు మానమన్నారమ్మా అని అడిగింది. తాతయ్య నోరు తెరిచేలోపు, పేపర్లో చదివాను తల్లీ అంది అమ్మమ్మ. ఆయన్ని ఇరికించలేదు, వెనకేసుకునీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చదివింది తను కాకపోయినా.

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. రోడ్డు తడిగా మెరుస్తోంది. అమ్మమ్మ ఆయన మోచేయి పట్టుకుని నడిచింది. బస్సు కోసం ఆగుదామంటే వద్దంది. ఒక వీధి దాటాక, దుకాణాల మీద బోర్డులు చదవమని అడిగింది. ఆయన చదవబోయాడు. గొంతు తగ్గించి చదవమంది. పేపరు చదివినట్టు వద్దు, ఉన్నది ఉన్నట్టు చదవండి చాలు అంది.

తాతయ్య నంగి నంగిగా మొదలుపెట్టాడు. ముప్ఫై రోజుల్లో ఒత్తైన జుట్టు.

“నిజమేనా?” అంది అమ్మమ్మ.

“తెలీదు.”

వందేళ్ళు మన్నే పెట్టెలు. నిజమేనా అంది. తెలీదన్నాడు. మీ పిల్లల భవిష్యత్తు మా బాధ్యత. అదీ తెలీదన్నాడు. అమ్మలాంటి సేవ. దానికి ఆమె అడగనైనా లేదు. వీధి పొడుగునా బోర్డులున్నాయి. వాటిలో కొన్నిటికి మాటలు సమకూర్చింది తనే. అవీ చదివాడు. వాటి గురించీ తెలీదనే అన్నాడు. ఒక దాని దగ్గర మాత్రం, అది నేను రాసిందే అని తనంతట తనే చెప్పాడు. అమ్మమ్మ ఊఁ అంది. మోచేయి వదల్లేదు. గట్టిగానూ పట్టుకోలేదు. పడిపోకుండా ఎంత పట్టుకోవాలో అంతే.

వీధి చివర రెండు గోడల మధ్య ఒక ఇరుకు కొట్టు. అట్టముక్క మీద బొగ్గుతో రాసి వేలాడదీశారు.

“ఇక్కడ గొడుగులు బాగుచేయబడును” అని చదివాడు తాతయ్య. ఆమె అడిగేదాకా ఆగలేదు. “ఇది నిజం. లోపల ఒకాయన కూర్చుని గొడుగు కుడుతున్నాడు. నల్ల గొడుగు. ఒక ఊచ విరిగింది. సూది నోట్లో పెట్టుకున్నాడు.”

అమ్మమ్మ ఆగింది.

“ఉండండి, నేను చూస్తాను” అంది.

ఆయన మోచేయి వదిలేసి, అటు తిరిగి, తల కొంచెం పైకెత్తి, కొంచెం దించి, ఎడమకు జరిపి, తనకు మిగిలిన ఆ కాస్త సందులోకి ఆ మనిషిని తెచ్చుకోవడానికి వెతకసాగింది. కొట్టులో ఆయన తలెత్తి, ఎవరు కావాలమ్మా అన్నాడు. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది. తాతయ్య చేయి చాచి ఆమె భుజం పట్టుకుని సరైన వైపు తిప్పబోయి, మధ్యలో ఆగి, చేయి వెనక్కి తీసుకుని నిలబడ్డాడు.